లంకల్లో ఫోన్లు, నిండా నింపిన బ్యాటరీలు

2004 ఫిబ్రవరిలో నన్ను ఏలూరు రూరల్ సబ్ డివిజనుకు బదిలీ చేశారు. హోదా ఎస్.డి.ఇ., అంటే సబ్ డివిజనల్ ఇంజనీరు. టెలిఫోన్ల ఉద్యోగంలో అది మధ్య మెట్టు. కింద జూనియర్ ఇంజనీర్లయిన జె.టి.ఓ.లు, లైన్‌మన్లు ఉంటారు. పైన డివిజనల్ ఇంజనీరు ఉంటారు, ఆయన్ని అందరూ డి.ఇ. గారంటారు. అంతవరకూ నా సర్వీసంతా పవర్ ప్లాంటులోనే గడిచింది. ఊళ్ళో కరెంటు పోయినా ఎక్స్ఛేంజికి నలభై ఎనిమిది వోల్టులు ఆగకుండా అందించే బ్యాటరీ గది చూసుకోవడం నా పని. గదినిండా వరసగా సీసం బ్యాటరీలు, యాసిడ్ వాసన, చేతికి రబ్బరు తొడుగులు. ఆడవాళ్ళు ఆ విభాగం కోరుకునేవారు కాదు. నాకు మాత్రం ఇష్టంగానే ఉండేది.

మా ఇల్లు తాడేపల్లిగూడెంలో. రోజూ పొద్దున పాసింజరెక్కి భీమడోలు, దెందులూరు మీదుగా ఏలూరు చేరేదాన్ని. కొత్త పోస్టింగులో నాకు అప్పగించిన ముఖ్యమైన బాధ్యత కొల్లేటి లంకల ఫోన్లు. సరస్సు మధ్య ఊళ్ళకు స్తంభాలు వేసి తీగ లాగడం కుదిరే పని కాదు. వేసినా ఒక్క వానాకాలానికే ఒరిగిపోయేవి. అందుకని తీగలేని ఫోన్లు ఇచ్చారు. చూడ్డానికి మామూలు బల్ల ఫోనే, వెనకాల చిన్న యాంటెనా ఉంటుంది. గట్టుమీది టవరుతో అది రేడియోలాగా మాట్లాడుతుంది. కరెంటు లేనప్పుడు పనిచేయడానికి లోపల లిథియం అయాన్ బ్యాటరీ ప్యాక్ ఒకటి, అరచేతిలో సగం ఉంటుంది. లంకకు ఒకటో రెండో ఫోన్లు. ఊరంతటికీ అవే దిక్కు.

ఫోన్లతో వచ్చిన ఛార్జర్లు లంకల కరెంటుకు నిలవలేదు. లైను చివరి ఊళ్ళు కావడంతో సాయంత్రాలు వోల్టేజి బల్బు ఎర్రగా మిణుకుమనేంతగా పడిపోయేది. ఎక్కడో మోటార్లు ఆపేసరికి ఒక్కసారి ఎగిరేది. ఆ ఎగురుడుకు ఛార్జర్లు కాలిపోయేవి. బదులువి తెప్పించాలంటే నెలలు పట్టేది.

ఈ ఇబ్బందికి ఏలూరులోనే ఒకాయన మందు కనిపెట్టారు. పేరు ఖాదర్ బాషా. పవర్‌పేట స్టేషను దగ్గర సందులో, ఇంటి వసారాలోనే స్టెబిలైజర్లు, ఛార్జర్లు తయారుచేసేవారు. ఆయన భార్య నూర్జహాన్ గారు లోపలి గదిలో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవారు. బాషా గారి ఛార్జరు వోల్టేజి ఎంత పడిపోయినా పనిచేసేది, ఎంత ఎగిరినా కాలేది కాదు. లంకల వాళ్ళు ముందు ఒకటి రెండు కొనుక్కున్నారు. తర్వాత వాటికోసమే ఏలూరు రావడం మొదలుపెట్టారు. పైగా ఆ ఛార్జరు పెడితే ఫోను ఇదివరకటికన్నా ఎక్కువసేపు మాట్లాడనిస్తోందని చెప్పుకున్నారు.

ఏప్రిల్లో డి.ఇ. గారు నన్ను పిలిచారు. అన్ని లంకలకూ బాషా గారి ఛార్జర్లే తీసుకుందామన్నది ఆయన ఆలోచన. "వానలు పడేలోగా అమర్చేయాలండి. ఆ ఊళ్ళవాళ్ళు రోజూ వచ్చి నా ముందు కూర్చుంటున్నారు. మీరు పరీక్ష చేసి సంతకం పెడితే ఆర్డరు ఇచ్చేస్తాను," అన్నారు. ఆ ఆర్డరు వస్తే బాషా గారు వసారాలోంచి సరైన వర్క్‌షాపులోకి మారొచ్చు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

మీటరు పెట్టి చూశాను. లిథియం బ్యాటరీని నింపే పద్ధతి రెండు దశల్లో ఉంటుంది. మొదట స్థిరమైన కరెంటు పంపిస్తారు. బ్యాటరీ వోల్టేజి పెరుగుతూ వచ్చి ఒక హద్దు తాకగానే ఆ వోల్టేజి దగ్గరే నిలబెట్టి, కరెంటు దానంతటది తగ్గిపోయేదాకా ఉంచుతారు. ఆ రోజుల్లో వచ్చే సెల్‌కు తయారీదారు పెట్టిన హద్దు 4.2 వోల్టులు. బాషా గారి ఛార్జరు 4.3 దగ్గర నిలబెడుతోంది. ప్యాక్ లోపల ప్రమాదం రాకుండా కత్తిరించే చిన్న సర్క్యూటు ఉంటుంది కానీ, అది అడ్డుపడేది 4.35 దగ్గర. అందుకని ఈ పదోవంతు వోల్టును ఎవరూ ఆపడం లేదు.

ఆయన్ని అడిగాను. దాచలేదు. "కావాలనే పెట్టానండి. పాయింట్ ఒకటి పెంచితే మాట్లాడే టైము సుమారు పదోవంతు పెరుగుతోంది. లంకల్లో వాళ్ళకి అదే కదండీ కావలసింది," అన్నారు. నేను కొలిచి చూస్తే ఆ మాట నిజమే. పదోవంతు పెరుగుతోంది.

ఈ పెంచిన పదోవంతుకు బ్యాటరీ ఏమవుతుందన్నది నా ప్రశ్న. సీసం బ్యాటరీల దగ్గర నేను నేర్చుకున్న మొదటి సూత్రం, వాటిని ఎప్పుడూ నిండుగా ఉంచమని. సగం ఖాళీగా వదిలేస్తే వాటి పలకలు పాడవుతాయి. లిథియం సంగతి వేరని తయారీదారుల పత్రాల్లో చదివాను కానీ, ఎంత వేరో నా చేతులతో చూడలేదు. అందుకని ఎక్స్ఛేంజి యంత్రాలుండే స్విచ్ రూములో పరీక్ష మొదలుపెట్టాను. కొన్ని కొత్త ప్యాక్‌లు 4.3 దాకా, కొన్ని 4.2 దాకా నింపడం, ఖాళీ చేయడం, మళ్ళీ నింపడం. ఒక్కో చక్రం పూర్తయినప్పుడల్లా ఎంత ఛార్జి బయటికి వచ్చిందో రాసుకోవడం. మే నెలంతా అదే పని. ఎక్కువ నింపిన ప్యాక్‌లు కొంచెం వేగంగా దిగజారుతున్నాయి గానీ, నెల చివరికి కూడా 4.2 వాటికన్నా పైనే ఉన్నాయి. ఆ అంకెలు చూసిన ఎవరైనా సంతకం పెట్టొచ్చు.

నేను పెట్టలేదు. కారణం ఒకే ఒక్క ప్యాక్. పెదపాడు వైపు లంకనుంచి ఒక కిరాణా కొట్టాయన ఫోను మూత మూసుకోవడం లేదని తీసుకొచ్చారు. విప్పి చూస్తే ప్యాక్ దిండులాగా ఉబ్బి ఉంది. వాడటం మొదలుపెట్టి ఐదు నెలలైనా కాలేదు. నా బల్లమీద అంతకన్నా ఎక్కువసార్లు నింపి ఖాళీ చేసిన ప్యాక్‌లు చదునుగా, చల్లగా ఉన్నాయి. రెండూ ఒకే రకం, ఒకే ఛార్జరు. ఈ తేడా ఎందుకో తెలియకుండా సంతకం ఎలా పెట్టను? డి.ఇ. గారికి అదే చెప్పాను. ఆయనకు నచ్చలేదు. అయినా, "సంతకం మీది. మీకు నమ్మకం కుదిరాకే పెట్టండి. కానీ వాన మీకోసం ఆగదు," అన్నారు.

జూన్‌లో లంకలకు బయల్దేరాను. ఎక్కువ వాడకం ఉన్న ఫోను ఒక లంకలోని నర్సు దీనమ్మ గారి దగ్గర ఉంది. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. జీపు గట్టు చివరిదాకా వెళ్ళింది. అక్కణ్ణించి దోనె. దీనమ్మ గారు ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రంలో ఏ.ఎన్.ఎం. ఆవిడది పాలకొల్లు వైపు. ఆ లంకలోనే ఉండి పదేళ్ళకు పైగా కాన్పులు, టీకాలు చూస్తున్నారు. కాన్పు కష్టమైతే ఫోను చేసి, గట్టు దగ్గరికి బండి రప్పించి, దోనెలో మనిషిని దాటించేవారు. ఫోను రాకముందు ఒక మనిషిని దోనెమీద పంపి, ఆ మనిషి తిరిగొచ్చేదాకా కాచుకునేవారట.

మీ దగ్గరున్న బాషా గారి ఛార్జరు బ్యాటరీని ముందే పాడుచేసేలా ఉంది, కొన్నాళ్ళు తీసుకెళ్ళి పాతరకం ఒకటి ఇస్తానని చెప్పాను. ఆవిడ కుర్చీ తెచ్చి వేశారు, మజ్జిగ ఇచ్చారు, ఛార్జరు మాత్రం ఇవ్వలేదు.

"ఇది వచ్చాక కరెంటు పోయినా నిశ్చింతగా ఉంటున్నానండి. దీనివల్ల బ్యాటరీ ముందే పాడవుద్దని మీరంటున్నారు. ఎప్పటికి?"

"ఏడాదికో, ఏడాదిన్నరకో అనుకుంటున్నానండి. ఖచ్చితంగా తెలియదు," అన్నాను.

"ఏడాది తర్వాత సంగతి ఏడాది తర్వాత చూసుకుందామండి. నాకు ఈ వానాకాలం కావాలి. నలుగురు నిండు నెలల మీద ఉన్నారు," అన్నారు.

ఇవాళ ప్రాణం మీదికి వచ్చే మనిషికి రేపటి లెక్క చెప్పడం తేలిక కాదు. ఛార్జరు అక్కడే వదిలేసి తిరిగి వచ్చాను.

జూలై రెండో వారంలో దీనమ్మ గారే ఏలూరు వచ్చారు. ఫోను గుడ్డలో చుట్టి తెచ్చి నా బల్లమీద పెట్టారు. "మూడు గీతలు చూపించి మోసం చేసిందండి," అన్నారు.

జరిగింది ఇది. ఒక తొలిచూలు అమ్మాయికి కాన్పు నొప్పుల్లో బి.పి. బాగా పెరిగి ఫిట్స్ వచ్చాయి. కరెంటు లేదు. ఫోను తెరమీద బ్యాటరీ మూడు గీతలు చూపిస్తోంది, అంటే ఛార్జి బాగానే ఉన్నట్టు. ఆవిడ నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకోగానే ఫోను ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ మూడు గీతలు. మళ్ళీ నొక్కితే మళ్ళీ ఆరిపోయింది. ఇక ఆగకుండా తన దగ్గరున్న ఇంజెక్షన్ చేసి, ఆ అమ్మాయిని దోనెలో పడుకోబెట్టి గట్టుకు చేర్చారు. బండి ముందుగా వచ్చి లేదు. దారినపోయే చేపల ట్రక్కును ఆపి, మంచు పెట్టెల మధ్య చోటు చేసి ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకొచ్చారు. తల్లీ బిడ్డా దక్కారు. బిడ్డను రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది.

చెబుతున్నంతసేపూ ఆవిడ గొంతు పెంచలేదు. చివర్లో ఒక్కటే అన్నారు. "ఏడాదన్నారు కదండీ. ఈ వానాకాలమే దాటలేదు."

ఆ ప్యాక్‌ను కొలిచాను. ఛార్జి ఇంకా సగానికి పైగానే పట్టుకుంటోంది. అసలు రోగం లోపలి నిరోధంలో ఉంది. బ్యాటరీ నుంచి కరెంటు లాగినప్పుడు దాని లోపలే కొంత వోల్టేజి ఖర్చవుతుంది. కొత్త ప్యాక్‌లో అది లెక్కలోకి రాదు. ఈ ప్యాక్‌లో బాగా పెరిగిపోయింది. ఫోను ఊరికే ఉన్నప్పుడు లాగే కరెంటు కొంచెమే కాబట్టి వోల్టేజి బాగానే కనిపిస్తుంది, తెర మూడు గీతలు చూపిస్తుంది. నంబరు నొక్కగానే దూరంగా ఉన్న టవరును అందుకోడానికి ఫోను ఒక్కసారి గట్టిగా లాగుతుంది. వోల్టేజి దభాలున పడిపోయి ఫోను ఆగిపోతుంది. తెర అబద్ధం చెప్పలేదు, అది చూడగలిగింది అంతే.

మర్నాడే బాషా గారిని వెంటబెట్టుకుని దీనమ్మ గారితోపాటు లంకకు వెళ్ళాను. ఉపకేంద్రం సిమెంటు రేకుల గది. రేకులకు జానెడు కిందుగా ఉన్న చెక్క అలమరలో ఫోను ఉండే చోటు. నీళ్ళు వచ్చినా తడవకూడదని అంత ఎత్తున పెట్టారు.

"ఫోనును ఛార్జరు నుంచి ఎప్పుడు తీస్తారండి?" అని అడిగాను.

"తీయనండి. ఎప్పుడు కరెంటు పోద్దో తెలీదు కదా. ఎప్పుడూ పెట్టే ఉంటుంది."

మధ్యాహ్నం రెండు దాటింది. బాషా గారు అలమర మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు. దీనమ్మ గారు జ్వరం చూసే థర్మామీటరు తెచ్చి ఛార్జరు పక్కన పెట్టారు. పాదరసం చూస్తుండగానే చివరి గీత దాకా పాకింది. పగులుతుందని గబుక్కున తీసేశారు.

నా పరీక్షలో లేనిది అక్కడ కనిపించింది. స్విచ్ రూము ఏ.సి. గది. అక్కడ నా ప్యాక్‌లు నిండిన వెంటనే ఖాళీ అవుతున్నాయి. లంకలో ప్యాక్ నిండి, నిండుగానే, వేడిలో, రోజులతరబడి కూర్చుంటోంది. వాడకంవల్ల కాదు, ఊరికే కూర్చుని అరుగుతోంది.

ఆ అరుగుదల ఎలా జరుగుతుందో పాఠకుల కోసం కొంచెం చెబుతాను. లిథియం సెల్‌లో ఒకవైపు కోబాల్ట్ ఆక్సైడు పూత, మరోవైపు కర్బనం పూత, మధ్యలో ఒక ద్రవం ఉంటాయి. నింపుతున్నప్పుడు లిథియం ఆ కోబాల్ట్ ఆక్సైడు పొరల్లోంచి బయటికి వచ్చి, ద్రవం గుండా కర్బనంలోకి చేరుతుంది. వోల్టేజి పెంచేకొద్దీ ఆ పొరల్లోంచి ఇంకా ఇంకా లిథియాన్ని లాగుతాం. పొరలు బలహీనపడతాయి. మధ్యనున్న ద్రవం ఆ వోల్టేజికి తట్టుకోలేక ఆక్సైడు మీద కొంచెం కొంచెంగా విచ్ఛిన్నమవుతుంది. వాయువు పుడుతుంది, అదే ఉబ్బు. ఉపరితలం మీద పక్కులాగా పొర పేరుకుంటుంది, అదే నిరోధం. 4.2 దగ్గరా ఇది జరుగుతుంది, నెమ్మదిగా. 4.3 దగ్గర వేగంగా. వేడి తోడైతే మరీ వేగంగా. ఆ వోల్టేజి దగ్గర ఎంతసేపు ఉంచితే అంత నష్టం.

ఇది నేను అనుకున్నది. రుజువు కావాలి కదా. లంక వేడిని ఏలూరులో తయారుచేయాలి. తాడేపల్లిగూడెంలో మా వీధి చివర కోళ్ళ హ్యాచరీ ఉండేది. వాళ్ళ దగ్గర గుడ్లు పొదిగే పాత ఇంక్యుబేటరు ఒకటి మూల పడి ఉంది. దానికి వేడి కావలసినంత పెట్టుకునే మీట ఉంటుంది. అడిగితే ఇచ్చారు. ఏం పొదుగుతారండీ అని నవ్వారు. దాన్ని మినీ వ్యానులో ఏలూరు చేర్చాం. పిల్లలు అవడానికి పెట్టే వేడికన్నా పైకి, నలభై అయిదు డిగ్రీలకు పెట్టాం. లోపల మూడు వరసల ప్యాక్‌లు. ఒక వరస 4.3 దగ్గర, ఒకటి 4.2 దగ్గర, ఒకటి 4.1 దగ్గర, ఛార్జరు తీయకుండా నిలబెట్టి. బయట ఏ.సి. గదిలో పోలికకోసం 4.3 వరస ఇంకొకటి.

4.1 వరస పెట్టమన్నది నేనే. తగ్గిస్తే ఏమవుతుందో కూడా తెలియాలనుకున్నాను. బాషా గారికి అది రుచించలేదు. "ఎక్కువిస్తే పాడవుద్దన్నారు, సరేనండి. తక్కువిస్తే ఎవరు తీసుకుంటారండి మేడమ్ గారూ?" అన్నారు. అయినా రోజూ మధ్యాహ్నం వచ్చేవారు. వారానికొకసారి ప్యాక్‌లు బయటికి తీసి చల్లారబెట్టి, ఒక్కసారిగా గట్టి లోడు పెట్టి, అంటే ఫోను లాగినట్టే కరెంటు లాగి, వోల్టేజి ఎంత కుంగుతుందో చూసేవాళ్ళం. లోడు మీట ఆయన వేసేవారు, మీటరు నేను చదివేదాన్ని.

ఆగస్టు సగానికి తేలిపోయింది. వేడిలో ఉన్న 4.3 వరస ఉబ్బింది. ఆ ప్యాక్‌లకు లోడు పెట్టగానే వోల్టేజి దీనమ్మ గారి ప్యాక్‌లో కుంగినట్టే కుంగింది. 4.2 వరస చదునుగా ఉంది కానీ నిరోధం పెరుగుతోంది. 4.1 వరస దాదాపు కొత్తవాటిలా ఉంది. చల్లగా ఉంచిన 4.3 వరసకు పెద్దగా ఏమీ కాలేదు. మే నెలలో నేను చూసింది ఆ నాలుగో వరసను మాత్రమే.

బాషా గారు ఉబ్బిన ప్యాక్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "నేను పదోవంతు ఎక్కువిస్తున్నానని అనుకున్నానండి," అన్నారు. తర్వాత లేచి వెళ్ళిపోయారు. రెండు రోజులు రాలేదు. ఆర్డరు పోయిందని అలిగారని ఆఫీసులో అనుకున్నారు. నేనూ కొంచెం అలాగే అనుకున్నాను. మూడోరోజు సంచితో వచ్చారు. సంచినిండా ఆయన అమ్మిన ఛార్జర్లే. ఏలూరు సెల్‌ఫోను కొట్లలో ఇచ్చినవి, దెందులూరు, గుండుగొలనుల్లో ఇచ్చినవి తిరిగి తిరిగి వెనక్కి తెచ్చారు. లంకల్లోవి మన జీపులో వెళ్ళి తేవాలండి అన్నారు.

అక్కణ్ణించి పని వేగంగా సాగింది. ఆయన ఛార్జరులో అసలైన గుణం కరెంటు హెచ్చుతగ్గులకు నిలవడం. దాన్ని ముట్టుకోలేదు. హద్దును 4.1కి దించాం. నిండగానే ఛార్జింగు పూర్తిగా ఆగిపోయి, బ్యాటరీ కొంత దిగాకనే మళ్ళీ మొదలయ్యేలా సర్క్యూటు మార్చారు. తగ్గిన ఛార్జికి బదులుగా ఇంకో ప్యాక్ జతచేద్దామన్నది బాషా గారి సలహా. ఫోను కింద పీటలాంటి డబ్బా ఒకటి చేసి, రెండో ప్యాక్ అందులో పెట్టి, గాలి ఆడడానికి పక్కల చీలికలు పెట్టారు. ఒక్కో ప్యాక్‌ను తక్కువ నింపినా, రెండూ కలిసి ఇదివరకటి ఒకదానికన్నా చాలా ఎక్కువ ఇస్తాయి. ఒక్కో దానిమీద పడే లాగుడు సగమవుతుంది. నూర్జహాన్ గారు ట్రాన్స్‌ఫార్మరును కొంచెం పెద్దది చుట్టి, వేడెక్కడం ఇంకా తగ్గించారు. ఇంక్యుబేటరులో పెట్టి చూశాం. నిలబడింది. నేను సంతకం పెట్టాను. డి.ఇ. గారు నా రిపోర్టు మొత్తం చదివి, రెండో ప్యాక్ ఖర్చుకు పైవాళ్ళను తనే ఒప్పించారు.

సెప్టెంబరులో మొదటి డబ్బా దీనమ్మ గారికే తీసుకెళ్ళాం. తక్కువ నింపుతుందని చెప్పగానే ఆవిడ మొహం మారింది.

"ఇంకా తక్కువాండి?"

"తక్కువే నింపుతుందండి. ఎక్కువసేపు ఇస్తుంది. నా మాట నమ్మొద్దు, మీరే చూడండి," అన్నాను.

మెయిన్ స్విచ్ ఆపించి, ఆవిడను ఎంత కావాలంటే అంత మాట్లాడుకోమన్నాం. ఆవిడ పాలకొల్లులో అక్కకు చేశారు, పి.హెచ్.సి.కి చేశారు, ఊళ్ళో వరస కట్టినవాళ్ళందరికీ ఇచ్చారు. మేము వెళ్ళిపోయాక కూడా స్విచ్ వేయలేదట. మర్నాడు సాయంత్రం నాకే ఫోను చేశారు. "ఇంకా మాట్లాడుతూనే ఉందండి. విసుగొచ్చి కరెంటు వేసేశాను," అన్నారు. ఫోనును రేకుల కింది అలమరనుంచి దించి, తలుపు పక్క నీడలో, నడుమెత్తున బల్లమీద పెట్టించాం. నీళ్ళొస్తే అని అడిగారు. నీళ్ళొస్తే చేత్తో ఎత్తి పైన పెట్టండి, మామూలు రోజుల్లో కింద ఉంచండి అన్నాను. సరేనన్నారు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. తమ్మిలేరు పొంగి సరస్సులో పడింది. లంకల్లో కరెంటు పోయి రోజులు గడిచాయి. రోజూ ఉదయం, సాయంత్రం మేము ప్రతి లంక ఫోనుకూ రింగిచ్చి చూసేవాళ్ళం. అప్పటికి డబ్బాలు చేరిన ఊళ్ళన్నీ పలికాయి. చేరని ఊళ్ళు రెండోరోజుకే మాట్లాడ్డం మానేశాయి. మూడోరోజు పొద్దున దీనమ్మ గారు చేశారు. నీళ్ళు బడి అరుగుదాకా వచ్చాయి, ఇద్దరు బాలింతలు, ఒక ముసలాయన కదల్లేని స్థితిలో ఉన్నారు, పెద్ద పడవ పంపించమన్నారు. మేము కలెక్టరు ఆఫీసు కంట్రోలు రూముకు అందించాం. మధ్యాహ్నానికల్లా పడవ వెళ్ళింది. మళ్ళీ ఆవిడే ఫోను చేసి, వాళ్ళు గట్టెక్కారనీ, తను ఊళ్ళోనే ఉంటున్నాననీ, మిగతావాళ్ళ సంగతి సాయంత్రం చెబుతాననీ అన్నారు. చెప్పారు కూడా. పలకని ఊళ్ళకు కబురు పడవమీద మనిషి వెళ్తే గానీ అందలేదు. వరద తీశాక ఆ ఊళ్ళ డబ్బాలే ముందు పూర్తిచేశాం.

బాషా గారు మరుసటి ఏడాది పెద్ద షెడ్డుకు మారారు. ఛార్జరు వెనక ఎంత దాకా నింపుతుందో వోల్టుల్లో అచ్చువేయించడం మొదలుపెట్టారు. అప్పట్లో అలా వేసేవాళ్ళు లేరు.

నాలుగైదేళ్ళలో గట్లవెంబడి సెల్ టవర్లు వచ్చి, చేతి ఫోన్లు అందరికీ అందాయి. లంకల బల్ల ఫోన్లు వెనక్కి తీసుకోమని ఉత్తర్వులొచ్చాయి. ఆ పని నా ఆధ్వర్యంలోనే జరిగింది. స్టోరుకు పంపేముందు కొన్ని ప్యాక్‌లను కొలిచాను. ఎక్కువ భాగం ఇంకా వాడుకోదగ్గవే. చెడిపోయి కాదు, అవసరం తీరి బయటికి వచ్చాయి. మా వృత్తిలో ఒక పరికరానికి అంతకన్నా మంచి ముగింపు ఉండదు.

ఈ ఉదంతం వల్ల నా పనితీరులో రెండు మార్పులు వచ్చాయి. లిథియం బ్యాటరీని నింపగలిగినంతా నింపడం లాభం కాదని తెలిసింది. చివరి పదోవంతు ఛార్జికి బ్యాటరీ తన ఆయుష్షులో పెద్ద భాగం చెల్లిస్తుంది. కాస్త వెలితిగా ఉంచి, కావలసిన మేరకు ఇంకో సెల్ చేర్చడం మేలు. రెండోది పరీక్షల గురించి. ఆ తర్వాత నా బల్లమీదికి ఏ పరికరం వచ్చినా, ఎంత ఇస్తుందని అడిగేముందు, ఇది ఎవరి ఇంట్లో, ఏ మూల, ఎంత ఎండలో, ఎంతసేపు కూర్చుంటుందని అడిగేదాన్ని. జవాబు తెలియకపోతే వెళ్ళి చూసొచ్చేదాన్ని. సంతకం ఆ తర్వాతే.